డెంగీ ర్యాపిడ్ కార్డు పాజిటివ్ ఐహెచ్ఐపీలో ఎక్కడ వేయాలి? పీ ఫారంలోనా, ఎల్ ఫారంలోనా?

కర్నూలు_ల్యాబ్

అందరికీ నమస్కారం. 80 పడకల ప్రైవేటు ఆసుపత్రి, కర్నూలు. ఐహెచ్ఐపీలో (అంటువ్యాధుల కేసులు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్) రెండు లాగిన్లు ఇచ్చారు, డాక్టర్ల పీ ఫారానికి ఒకటి, ల్యాబ్ ఎల్ ఫారానికి ఒకటి. రోజూ సాయంత్రం ల్యాబ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఎక్సెల్ తీసి, దాన్ని చూస్తూ ఒక్కో పేరూ కొడుతున్నాం. వానలు పడ్డాక జ్వరాలు పెరిగాయి, తేడాలు కూడా పెరిగాయి. అడగాల్సినవి ఇవి:

1. డెంగీకి మా దగ్గర ర్యాపిడ్ కార్డే (నిమిషాల్లో గీతలతో ఫలితం చూపే కిట్) ఉంది. ఎన్ఎస్1 (డెంగీ వైరస్ ప్రొటీన్) గీత పడితే ఎల్ ఫారంలో పాజిటివ్ అని వేసేస్తున్నాం. సరైనదేనా?
2. మూడో రోజు ఎన్ఎస్1 చేసిన పేషెంటుకే ఏడో రోజు ఐజీఎం (జబ్బు సోకిన కొత్తలో ఒంట్లో పుట్టే యాంటీబాడీ) చేస్తారు. రెండుసార్లు ఎంట్రీ వేయాలా?
3. అలంపూర్, గద్వాల నుంచి వచ్చేవాళ్లున్నారు. వాళ్లది తెలంగాణ. మన జిల్లా లెక్కలో వేయాలా?
4. ఎక్సెల్‌లో కొన్ని తేదీలు తిరగబడుతున్నాయి. సెప్టెంబరు 4 కాస్తా ఏప్రిల్ 9 అవుతోంది.
5. టీబీ కేసులు నిక్షయ్‌లో (టీబీకి ఉన్న ప్రభుత్వ పోర్టల్) వేస్తున్నాం. ఇక్కడ మళ్లీ వేయాలా?

తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరు.

---

ఎపిడ్_డెస్క్

ముందు ఫారాల సంగతి చూద్దామండి, మీ సందేహాల్లో సగం అక్కడే తీరిపోతాయి.

ఎస్ ఫారం ఫీల్డులోని ఆరోగ్య కార్యకర్తలది, అందులో రోగం పేరు ఉండదు, లక్షణాలే ఉంటాయి. వారంలోపు జ్వరం, దద్దుర్లతో జ్వరం, నీళ్ల విరేచనాలు, కామెర్లు, ఇలా. పీ ఫారం డాక్టరుది. పేషెంటును చూసి "ఇది ఫలానా కావచ్చు" అనుకున్నప్పుడు వేసేది. ఎల్ ఫారం ల్యాబ్‌ది, ఏ పరీక్ష చేశారో, ఏం తేలిందో చెప్పేది. 2004 నవంబరులో ఐడీఎస్‌పీ (అంటువ్యాధుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ కార్యక్రమం) మొదలైనప్పుడు ఇవి కాగితాలే. సోమవారం నుంచి ఆదివారం దాకా వారం లెక్క కట్టి, ఎన్ని కేసులో అంకె మాత్రం పంపేవాళ్లు. 2018 నవంబరు 26న ఐహెచ్ఐపీని ముందు ఏడు రాష్ట్రాల్లో పెట్టారు, వాటిలో ఆంధ్ర, తెలంగాణ రెండూ ఉన్నాయి. 2021 ఏప్రిల్‌లో దేశమంతా తెచ్చారు. తేడా ఒక్కటే, కానీ పెద్దది: ఇప్పుడు పోయేది అంకె కాదు, మనిషి. పేరు, ఊరు, జ్వరం మొదలైన రోజు, అన్నీ పోతాయి. పాత అలవాటులో "ఈ వారం డెంగీ 12" అనే లెక్క కోసం ఎంట్రీ కొడితే మీ శ్రమంతా వృథా.

మొదటి ప్రశ్నకు జవాబు: ర్యాపిడ్ కార్డు పాజిటివ్ డెంగీ నిర్ధారణ కాదు. జాతీయ మార్గదర్శకాల ప్రకారం అది "ప్రాబబుల్", అంటే డెంగీ అయ్యుండవచ్చు అనేంతవరకే. నిర్ధారణ అనాలంటే ఎన్ఎస్1 ఎలైజా (ల్యాబులో ప్లేటు మీద చేసే పరీక్ష), ఐజీఎం మ్యాక్ ఎలైజా, ఆర్‌టీ పీసీఆర్, వైరస్ ఐసోలేషన్, లేదా కొన్ని రోజుల తేడాతో తీసిన రెండు సీరం శాంపిళ్లలో ఐజీజీ (జబ్బు తగ్గాక కూడా ఉండిపోయే యాంటీబాడీ) నాలుగు రెట్లు పెరగడం, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. అంచేత డాక్టరుగారు పీ ఫారంలో డెంగీ అనుమానమని వేస్తారు. మీరు అదే పేషెంటు సీరం దగ్గర్లోని సెంటినల్ సర్వైలెన్స్ ఆసుపత్రికి (డెంగీ ఎలైజా చేయడానికి ప్రభుత్వం గుర్తించిన చోటు) పంపితే, ఎలైజా ఫలితాన్ని అక్కడి ల్యాబ్ వేస్తుంది. మీ ఎల్ ఫారంలో కార్డు ఫలితం వేయాల్సి వస్తే పరీక్ష పేరు దగ్గర ర్యాపిడ్ అనే ఎంచుకోవాలి. జాబితాలో పైన కనిపించింది కదా అని ఎలైజా మీద నొక్కేయడమే ఎక్కువగా జరిగే తప్పు. అలా ఒక్క ఆసుపత్రి నుంచి నలభై కార్డు కేసులు "నిర్ధారణ" పేరుతో వస్తే జిల్లాలో డెంగీ ప్రబలిందనే అలర్టు లేస్తుంది. అలా రెండు మూడుసార్లయితే నిజంగా ప్రబలిన రోజున ఎవరూ నమ్మరు.

రెండోది: ఒక జబ్బు, ఒక మనిషి, ఒక కేసు. పరీక్షలు ఎన్నయినా ఉండొచ్చు. ఎంట్రీకి ముందు ఫోన్ నంబరుతో వెతకండి. పేరుతో వెతికితే దొరకరు. ఒకరోజు శ్రీనివాసులు, ఒకరోజు ఎస్. శ్రీనివాస్, ఇంకోరోజు ఇంటిపేరు ముందుకొచ్చి బోయ శ్రీనివాసులు. స్పెల్లింగులో ఐ ఒకటా ఈలు రెండా అన్నది మరో గొడవ. నంబరు కూడా ఎవరిదో అడగండి. ఒకే నంబరు మీద అమ్మా, కొడుకూ, పక్కింటాయనా ఉంటారు, అందుకని నంబరుతో పాటు వయసు కూడా సరిచూసుకోవాలి.

మూడోది కాస్త విడమరచి చెప్పాలి. చిరునామా అనేది ఆసుపత్రి ఏ జిల్లాలో ఉందో తెలిపే గడి కాదు, దోమ ఎక్కడ ఉందో తెలిపే గడి. అలంపూర్ వాళ్లను తెలంగాణ, జోగులాంబ గద్వాల అనే ఎంచుకోండి. కర్నూలు అని వేస్తే నది ఇవతల ఫాగింగ్ చేస్తారు, దోమ అవతల ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కాబట్టి నందికొట్కూరు, డోన్, బనగానపల్లె ఇప్పుడు నంద్యాల జిల్లా. పేషెంటు నోట ఇంకా "కర్నూలు జిల్లా" అనే వస్తుంది, ఆధార్‌లోనూ అదే ఉంటుంది. ఆత్మకూరు అంటే మాత్రం తప్పక మళ్లీ అడగాలి. నంద్యాల జిల్లాలో ఒకటుంది, నెల్లూరు జిల్లాలో ఒకటుంది, అనంతపురం జిల్లాలో ఒకటుంది, వనపర్తిలో ఇంకొకటుంది. కర్నూలుకు నంద్యాల ఆత్మకూరు నుంచీ వస్తారు, వనపర్తి ఆత్మకూరు నుంచీ వస్తారు. "మీ మండలం ఏది, పక్క ఊరు ఏది" అని రెండు ప్రశ్నలు వేస్తే తేలిపోతుంది.

ఇంకొకటి, ఆధార్ చిరునామా చూసి కొట్టకండి. హైదరాబాద్ హాస్టల్లో చదివే పిల్లవాడు జ్వరంతో ఇంటికి వస్తాడు. డెంగీ పొదుగు కాలం సాధారణంగా 4 నుంచి 10 రోజులు. జ్వరం మొదలవడానికి ముందు రెండు వారాలు ఎక్కడున్నాడో అదే అసలు చిరునామా. ఆ గడిలో ఇంటి చిరునామానే వేయాల్సి వస్తే హాస్టల్ పేరు రిమార్కుల్లో రాసి, జిల్లా సర్వైలెన్స్ యూనిట్‌కు ఫోన్లో చెప్పండి. ఏడిస్ దోమ పుట్టిన చోటు నుంచి కొన్ని వందల మీటర్లకు మించి పోదు, ఊరి పేరుతో సరిపెడితే సిబ్బందికి ఉపయోగం లేదు. వీధి, గుర్తు కూడా ఉండాలి. "రామాలయం వెనక, నీళ్ల ట్యాంకు వీధి" అని రాస్తే ఇంటి నంబరు కంటే త్వరగా దొరుకుతుంది.

---

సూక్ష్మజీవి

పైన చెప్పినదానికి ల్యాబ్ వైపు నుంచి కొంత.

ఎన్ఎస్1 జ్వరం మొదలైన ఐదు రోజుల్లోపు, ఐజీఎం ఐదు రోజులు దాటాక. ఇది అందరికీ తెలుసు, తప్పు రోజులు లెక్కపెట్టడంలో వస్తుంది. ఓపీ చీటీ మీద "జ్వరం 5 రోజులు" అని ఉంటుంది, చీటీ తేదీ 14. ఇవాళ్టితో కలిపి ఐదైతే మొదలైంది 10న. ఎంట్రీ కొట్టేవాళ్లు ఆ లెక్క వేయరు, జ్వరం మొదలైన తేదీ గడిలో అడ్మిషన్ తేదీ పెట్టేస్తారు. దాంతో మీ ఆసుపత్రి గ్రాఫులో ప్రతి సోమవారం ఒక కొండ కనిపిస్తుంది. రోగం సోమవారాలు మొదలవదు, సోమవారం ఓపీకి జనం ఎక్కువ వస్తారు, అంతే. రిజిస్ట్రేషన్ కౌంటర్లోనే "ఏ రోజున మొదలైంది, వారం పేరు చెప్పండి" అని అడిగించండి. "నాలుగైదు రోజులైంది" అనే మనిషి "శుక్రవారం సంతకెళ్లొచ్చాక" అని కచ్చితంగా చెప్తాడు.

శాంపిల్ పంపేటప్పుడు: ప్లెయిన్ ట్యూబులో 3 నుంచి 5 మిల్లీలీటర్ల రక్తం. అరగంట నిలబెట్టి గడ్డకట్టనివ్వండి, తర్వాత సెంట్రిఫ్యూజ్, సీరం వేరుచేసి స్క్రూ మూత ట్యూబులోకి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఐస్ ప్యాకులతో పంపాలి. రక్తాన్ని యథాతథంగా ఫ్రీజర్లో పెడితే ఎర్రకణాలు పగిలి సీరం ఎర్రబడుతుంది, అవతలివాళ్లు తిప్పి పంపుతారు. లేబుల్ మీద పేరు, వయసుతో పాటు జ్వరం మొదలైన తేదీ తప్పకుండా ఉండాలి. అది లేకపోతే ఏ పరీక్ష చేయాలో అక్కడ తెలియదు.

ఎలైజా పెట్టుకున్న ల్యాబులకు ఒక మాట. ప్లేటులో 96 వెల్స్ (చిన్న గుంటలు) నిండేదాకా శాంపిళ్లు కూడబెడతారు, నాలుగు రోజులు గడిచిపోతాయి. చాలా కిట్లలో ప్లేటు 8 వెల్స్ చొప్పున 12 స్ట్రిప్పులుగా విడిపోతుంది. కంట్రోళ్లకు (ఫలితం ముందే తెలిసిన శాంపిళ్లకు) కొన్ని వెల్స్ ఎలాగూ పోతాయి కాబట్టి పది పన్నెండు శాంపిళ్లు పోగవగానే రెండు మూడు స్ట్రిప్పులు విరిచి వేసుకోండి. రిపోర్టు ఎంత వేగంగా ఎక్కిస్తే ఏం లాభం, శాంపిల్ ఫ్రిజ్‌లో కూర్చుంటే?

డెంగీ కాని వాటిలోనూ ఇదే గొడవ:

టైఫాయిడ్: ఒక్క విడాల్ టైటర్ (రక్తంలో యాంటీబాడీల మోతాదు) చూసి నిర్ధారణ అనొద్దు. మన ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా కొంత టైటర్ ఉంటుంది. బ్లడ్ కల్చరే గట్టి ఆధారం, అదీ యాంటీబయాటిక్ పడకముందు, పెద్దవాళ్లకు సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు. రెండు మిల్లీలీటర్లు పోసి "నో గ్రోత్" అని రాయడం వల్లే కల్చర్ మీద డాక్టర్లకు నమ్మకం పోయింది.

మలేరియా: హెచ్ఆర్‌పీ2 (ఫాల్సిపారం మలేరియా పరాన్నజీవి ప్రొటీన్) పట్టుకునే కార్డు మందు వాడి తగ్గాక కూడా వారాలపాటు గీత చూపిస్తుంది. పోయిన నెల ఫాల్సిపారం వచ్చి తగ్గినవాళ్లకు కార్డు పాజిటివ్ వస్తే అది కొత్త కేసు కాకపోవచ్చు. స్లైడ్ తీయించండి.

హెపటైటిస్ బి: ఆపరేషన్‌కు ముందు స్క్రీనింగులో హెచ్‌బీఎస్ఏజీ (హెపటైటిస్ బి వైరస్ ప్రొటీన్) పాజిటివ్ వచ్చిందని కామెర్ల కేసుగా వేయకూడదు. కొత్తగా సోకినదని చెప్పాలంటే యాంటీ హెచ్‌బీసీ ఐజీఎం కావాలి. ఒకే వీధి నుంచి నలుగురు కామెర్లతో వస్తే చూడాల్సింది హెపటైటిస్ ఎ, ఇ ల ఐజీఎం, ఆ తర్వాత తాగునీటి పైపు.

స్క్రబ్ టైఫస్: వైల్ ఫెలిక్స్ (పాతకాలపు రక్త పరీక్ష) మీద ఆధారపడితే అనుమానం దగ్గరే ఆగాలి. ఐజీఎం ఎలైజా కావాలి. ఒంటి మీద నల్లటి పొక్కు మచ్చ ఉందా అని డాక్టరుగారు చంకల్లో, నడుము మడతల్లో వెతికి కేస్ షీటులో రాస్తే సగం పని అయినట్టే.

హెచ్ఐవీ ఫలితాలు ఈ జాబితాలోకి రానే రాకూడదు. వాటికి వేరే దారి ఉంది, 2017 చట్టం ప్రకారం గోప్యత తప్పనిసరి.

---

ఎల్ఐఎస్_కోడర్

తేదీ తిరగబడటం మీ ఎక్సెల్ తప్పు కాదు, కంప్యూటర్ రీజియన్ సెట్టింగ్ అమెరికాకు ఉంటుంది. సాఫ్ట్‌వేర్ 04/09 అని పంపుతుంది, ఎక్సెల్ దాన్ని నెల 4, రోజు 9 అని చదువుతుంది. 12వ తేదీ దాటాక పదమూడో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా కాకుండా మామూలు అక్షరాలుగా వదిలేస్తుంది. అందుకే మీకు "కొన్ని" మాత్రమే తిరగబడుతున్నాయి. గడిలో ఎడమవైపు అతుక్కున్న తేదీలు అక్షరాలు, కుడివైపు ఉన్నవి ఎక్సెల్ మార్చేసినవి. ఆశ్చర్యం ఏమిటంటే తప్పయ్యేవి కుడివైపువే. నియంత్రణ ప్యానెల్లో రీజియన్ ఇంగ్లిష్ ఇండియాకు మార్చండి. ఇంకా మంచిది, ఎక్స్‌పోర్టులోనే నెలను అక్షరాల్లో తెప్పించండి, 04 సెప్ అని. అప్పుడు ఏ కంప్యూటరూ మోసపోదు.

రోజువారీ జాబితా తీసే ఫిల్టర్ ఎలా రాశారో ఒకసారి చూడండి. చాలాచోట్ల "ఫలితంలో రియాక్టివ్ (అంటే పాజిటివ్) అనే మాట ఉంటే తీయి" అని రాస్తారు. "నాన్ రియాక్టివ్"లో కూడా ఆ మాట ఉంది కదా! నెగటివ్‌లన్నీ పాజిటివ్‌లుగా వచ్చేస్తాయి. మొత్తం మాట సరిపోలాలి, ముందూ వెనకా ఖాళీలు కత్తిరించాలి. ఒక్కో టెక్నీషియన్ ఒక్కోలా రాస్తాడు: పాజిటివ్, పీఓఎస్, ప్లస్ గుర్తు, వీక్ పాజిటివ్. ఫలితాన్ని చేత్తో టైపు చేయనివ్వకుండా డ్రాప్‌డౌన్ పెడితే ఈ జబ్బు మూలంలోనే పోతుంది.

డెంగీ కార్డు అయితే ఎన్ఎస్1, ఐజీఎం, ఐజీజీ అనే మూడు గీతలకు మూడు వేర్వేరు గడులు ఉండాలి. "డెంగీ పాజిటివ్" అని ఒకే గడి ఉంటే ఐజీజీ ఒక్కటే వచ్చినవాళ్లు కూడా కేసులైపోతారు. ఐజీజీ ఎప్పుడో పాతది కావచ్చు.

ఫిల్టర్లో తప్పకుండా తీసేయాల్సినవి: క్వాలిటీ కంట్రోల్ శాంపిళ్లు, బయటి నాణ్యతా పరీక్షకు వచ్చిన శాంపిళ్లు, బ్లడ్ బ్యాంకు దాతలు, కార్పొరేట్ హెల్త్ చెకప్‌లు. "క్యూసీ 2, పురుషుడు, 99 ఏళ్లు, మలేరియా పాజిటివ్" అని జాబితాలో కనిపిస్తే నవ్వొస్తుంది, కానీ అలాంటివి దాటి పోతాయి.

కల్చర్ల విషయంలో రిపోర్టు తేదీ కాకుండా తుది ఫలితం తేదీ మీద ఫిల్టర్ పెట్టండి. 48 గంటలకు "నో గ్రోత్" అని ప్రాథమిక రిపోర్టు పోతుంది, నాలుగో రోజు సాల్మొనెల్లా టైఫీ పెరుగుతుంది. మొదటి రిపోర్టుతోనే ఆ శాంపిల్ "చూసేశాం" అని గుర్తుపడితే తర్వాత వచ్చిన పాజిటివ్ ఎవరికీ కనపడదు. తుది ఫలితం మారిన ప్రతి శాంపిల్ మళ్లీ జాబితాలోకి రావాలి.

పిల్లల వయసు: 8 నెలల పాప 8 ఏళ్లది అయిపోతుంది. నెలలా, ఏళ్లా అన్నది వేరే గడిలో ఉంచండి.

నేరుగా సాఫ్ట్‌వేర్ నుంచి పోర్టల్‌కు కలపాలనుకుంటే జిల్లా, రాష్ట్ర యూనిట్ల ద్వారానే అడగాలి. పాస్‌వర్డు పెట్టి బాట్‌తో కొట్టించే తెలివితేటలు వద్దు. ఒక తప్పు మ్యాపింగ్ (ఏ గడి ఏ గడిలోకి పోవాలన్నది) చేత్తో కొడితే పది కేసులకు తగులుతుంది, బాట్‌తో అయితే వెయ్యింటికి.

---

టీబీ_యూనిట్

ఐదో ప్రశ్నకు: టీబీకి నిక్షయ్‌లో నమోదు చేయడమే నోటిఫికేషన్. ఐహెచ్ఐపీలో ఏం వేసినా అది దానికి బదులు కాదు. టీబీ 2012 మే 7 నుంచి తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బు. 2018 మార్చి గెజిట్‌లో ఆసుపత్రులతో పాటు ల్యాబులకూ, మందుల షాపులకూ ఆ బాధ్యత పెట్టారు.

ప్రైవేటులో ఎక్కువగా తప్పిపోయేది ఇది: కళ్లె పరీక్షలో దొరికినవాళ్లనే వేస్తారు. ఎక్స్‌రే, లక్షణాలు చూసి డాక్టరు టీబీ మందు మొదలుపెట్టినవాళ్లనూ, ఊపిరితిత్తులు కాని టీబీనీ కూడా వేయాలి. మందు మొదలైందంటే కేసే.

ముందు ఫోన్ నంబరుతో వెతకండి, వేరేచోట ఇప్పటికే నమోదై ఉంటే కొత్త ఐడీ తీయకుండా బదిలీ అడగండి. రెండు ఐడీలైతే పేషెంటుకు ప్రభుత్వం ఇచ్చే పోషణ డబ్బు ఆగిపోతుంది. 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు కాబట్టి పేషెంటుకు అది చిన్న విషయం కాదు. బ్యాంకు ఖాతా అదే రోజు తీసుకోండి. మీ ఆసుపత్రికి నమోదుకు 500, చికిత్స ఫలితం వేసినప్పుడు మరో 500. ఫలితం వేయడం మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

---

కర్నూలు_ల్యాబ్

అందరికీ ధన్యవాదాలు. రియాక్టివ్ మాట చూశాం, నిజంగానే అలాగే రాసి ఉంది! ఈరోజే మార్పిస్తాం. ఇంకో రెండు సందేహాలు. పోర్టల్‌లో కాకుండా ఫోన్ చేయాల్సినవి ఏవి? ఇప్పటికే తప్పుగా సబ్మిట్ చేసినవాటిని ఏం చేయాలి?

---

ఎపిడ్_డెస్క్

ఫోన్ ముందు, ఎంట్రీ తర్వాత చేయాల్సినవి: 15 ఏళ్లలోపు పిల్లలకు ఉన్నట్టుండి కాళ్లు చేతులు పడిపోవడం. పోలియో అని మీకు అనిపించకపోయినా సరే చెప్పాలి. 24 గంటల తేడాతో రెండు మలం శాంపిళ్లు తీయాలి, అవి పక్షవాతం మొదలైన 14 రోజుల్లోపు అయి తీరాలి, అంచేత మీ దగ్గర పోయిన ప్రతి రోజూ వాళ్ల చేతిలోంచి పోయినట్టే. జ్వరంతో దద్దుర్లు, గొంతులో తెల్లటి పొర, కుక్క కరిచాక నీళ్లంటే భయపడటం, వీటికీ ఫోనే. ఒకే ఊరి నుంచి ఒకటి రెండు రోజుల్లో నలుగురైదుగురు వాంతులు విరేచనాలతో వస్తే ఎవరికి ఏ పరీక్ష పాజిటివ్ అని ఎదురుచూడొద్దు.

రోగం పేరు తెలియకపోయినా చెప్పొచ్చు, చెప్పాలి. 2020 డిసెంబరులో ఏలూరులో జనం మూర్ఛలతో ఆసుపత్రికి వచ్చినప్పుడు అది ఏమిటో ఎవరికీ తెలియదు, తర్వాత రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని తేలింది. అంటువ్యాధి కానే కాదు. "ఏదో జరుగుతోంది" అనే కబురు మొదటి రోజే రావాలి, పేరు తర్వాత పెట్టుకోవచ్చు.

తప్పు ఎంట్రీల సంగతి: సరైనది ఇంకోసారి కొట్టకండి. ఆ కేసు ఐడీ, తప్పు ఏమిటి, సరైనది ఏమిటి, మూడు గడుల పట్టీ చేసి జిల్లా యూనిట్‌కు పంపండి. పేర్లూ ఫోన్ నంబర్లూ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, ఐడీ చాలు. ఎలైజా అని వేసిన పాత కార్డు కేసులుంటే అవి ముందు పంపండి, ఎందుకంటే లెక్కను పాడుచేస్తున్నవి అవే.

---

కర్నూలు_ల్యాబ్

అర్థమైందండి. చివరిగా ఒకటి, నెట్ లేక శని ఆదివారాలు ఎంట్రీ ఆగితే సోమవారం కొట్టేటప్పుడు ఏ తేదీ వేయాలి?

---

సూక్ష్మజీవి

మీరు కొట్టిన తేదీని పోర్టల్ తానే వేసుకుంటుంది, దాని సంగతి వదిలేయండి. జ్వరం మొదలైన రోజు, శాంపిల్ తీసిన రోజు, ఫలితం వచ్చిన రోజు, మూడూ నిజంగా ఎప్పటివో అవే వేయాలి. సోమవారం కొడుతున్నాం కదా అని మూడింటినీ సోమవారం చేయకండి. నెట్ లేని రోజుల కోసం రిజిస్టర్లో ఈ మూడు తేదీలకు మూడు గీతలు కొట్టి పెట్టుకోండి.